పర్సంటేజీ ఒక్కటే చాలదు: కాలేజీకి ఇచ్చే ఫైలు ఇలా కట్టండి

వైకల్యం ఉన్న విద్యార్థి డిగ్రీలో చేరేటప్పుడు చేతిలో సదరం సర్టిఫికెట్టో, యూడీఐడీ కార్డో ఉంటుంది. పింఛనుకూ బస్సు పాసుకూ దాన్నే చూపిస్తాం. వైకల్యం 40 శాతమో అంతకు మించో ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో 5 శాతం రిజర్వేషన్‌కూ అదే ఆధారం. అయితే క్లాసులో, పరీక్ష హాల్లో ఆ విద్యార్థికి ఏం కావాలో ఆ కాగితంలో ఉండదు. ‘చూపు మందం, 50 శాతం’ అని చదివిన ప్రిన్సిపాల్‌కు, ఆ విద్యార్థికి స్క్రైబ్ (జవాబులు రాసిపెట్టే సహాయకుడు) కావాలో, పెద్దక్షరాల ప్రశ్నపత్రం సరిపోతుందో తెలిసే దారి లేదు. ఆ సంగతి చెప్పడానికే ఫైలు. మొదటి సెమిస్టర్ మొదలైన వారంలోనే దాన్ని సిద్ధం చేయాలి; హాల్‌టికెట్లు వచ్చాక తిరిగితే పని జరగదు.

ముందు సర్టిఫికెట్‌ను ఒకసారి నిదానంగా చదవండి. అది శాశ్వతమా, తాత్కాలికమా? పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోనూ టెన్త్ మెమోలోనూ ఉన్నట్టే ఉన్నాయా? డిస్‌లెక్సియా, డిస్‌గ్రాఫియా వంటి అభ్యసన వైకల్యాలకు బడి రోజుల్లో ఇచ్చిన సర్టిఫికెట్ కాలేజీ దాకా రాదు. 14 ఏళ్లప్పుడు మళ్లీ పరీక్షించాలి, 18 నిండాక ఇంకోసారి. ఆ చివరిదే జీవితాంతం చెల్లుతుంది. సర్టిఫికెట్ లేనివాళ్లు ఆంధ్రాలో గ్రామ, వార్డు సచివాలయంలోనూ, తెలంగాణలో మీసేవలోనూ అడగండి. నెలలు పట్టొచ్చు కాబట్టి ఇంటర్ సెలవుల్లోనే కదలాలి.

తర్వాతిది చాలామంది వదిలేసే మెట్టు. నా దృష్టిలో ఫైలుకు ప్రాణం ఇదే. పాత ప్రశ్నపత్రం ఒకటి తీసుకుని 12, 18, 24 పాయింట్ల సైజుల్లో ప్రింట్ తీయించండి. ఒక్కో సైజులో ఒక పేజీ చదవడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, కాగితం కంటికి ఎంత దగ్గరగా పెట్టుకోవాల్సి వచ్చింది, ఎంతసేపటికి కళ్లు లాగాయి, కిటికీ వెలుగు ఎదురుగా పడితే ఏమైంది అన్నీ రాసి పెట్టుకోండి. వినికిడి సమస్యయితే ఏ బెంచీ నుంచి వినబడుతోంది, మాస్టారు బోర్డు వైపు తిరిగితే ఎంత పోతోంది అన్నది చూడాలి. రాత కష్టమయితే అరగంటలో ఎన్ని లైన్లు రాయగలుగుతున్నారో. ఈ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లి, ‘జబ్బు పేరుతో పాటు దానివల్ల చదవడంలో, రాయడంలో ఏ ఇబ్బంది వస్తోందో కూడా రాయండి’ అని అడగండి.

ఇక దరఖాస్తు. ‘తగిన సౌకర్యాలు కల్పించవలసిందిగా ప్రార్థన’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఇబ్బంది పక్కనే వెసులుబాటు రాయాలి: ‘12 పాయింట్ల అక్షరం నాకు ఆనదు, ప్రశ్నపత్రం 24 పాయింట్లలో ఇవ్వగలరు. బోర్డు కనిపించదు, పాఠం స్లయిడ్లు ముందురోజు ఇప్పించగలరు. పేజీ చదవడానికి ఎక్కువసేపు పడుతుంది. పరీక్షలో అదనపు సమయం ఇవ్వగలరు.’ అమ్మానాన్నలు సాయం చేయొచ్చు గానీ మాట మాత్రం విద్యార్థిదే కావాలి.

అదనపు సమయానికి లెక్కుంది. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదు. మూడు గంటల పరీక్షకు ఒక గంట అన్నమాట. 40 శాతం లోపు వాళ్లు ఇది మనది కాదని ఊరుకోవద్దు. వికాశ్ కుమార్ కేసులో 2021లో సుప్రీంకోర్టు స్క్రైబ్ సదుపాయాన్ని 40 శాతం గీతకే కట్టేయకూడదని చెప్పింది. ఆ తర్వాత 2022లో వాళ్లకూ మార్గదర్శకాలు వచ్చాయి. అయితే రాయడంలో ఇబ్బంది ఉందని ప్రభుత్వ వైద్యాధికారి నుంచి నిర్ణీత నమూనాలో సర్టిఫికెట్ తేవాలి.

ఇంటర్నల్స్ కాలేజీ చేతిలో ఉంటాయి, సెమిస్టర్ పరీక్షలు యూనివర్సిటీ చేతిలో. ప్రిన్సిపాల్ సరేనంటే సరిపోదు. దరఖాస్తు ప్రతి ఒకటి ప్రిన్సిపాల్ ద్వారా పరీక్షల నియంత్రణాధికారికి చేరాలి. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి. మీ ప్రతి మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోండి. కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. ప్రభుత్వ కాలేజీల్లో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టమే చెబుతోంది. అక్కడా తేలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాయవచ్చు.

ప్రిన్సిపాళ్లకు ఒక విన్నపం. అడ్మిషన్ ఫారంలో వైకల్యం శాతం అడిగే గడి పక్కనే ‘నీకు ఏం కావాలి?’ అని ఇంకో గడి పెట్టండి. ఈ తిరుగుడులో సగం తప్పుతుంది.