గూటిలోని దీపము

సూర్యుడు లోకమునకు వెలుగును ఉచితముగా ప్రసాదించుచున్నాడు. ఆ వెలుగును విద్యుత్తుగా మార్చు పలకలలో నేడు ఎక్కువగా సిలికానును వాడుచున్నారు. ఇది లోహమువలె విద్యుత్తును ధారాళముగా పోనీయదు; గాజువలె పూర్తిగా అడ్డగింపదు. ఇట్టి పదార్థములను అర్ధవాహకములందురు. సిలికానునకు మూలము ఇసుకయే. కాని దానిని కరగించి స్ఫటికముగా పెంచుటకు 1400 సెంటీగ్రేడు డిగ్రీలకు మించిన వేడిమి కావలెను. ఇంతకంటె సులభమైన మార్గము లేదా?

1839లో జర్మను శాస్త్రజ్ఞుడు గుస్టావ్ రోజ్, రష్యాలోని యూరల్ పర్వతములలో లభించిన ఒక ఖనిజమును పరీక్షించి, పెరోవ్‌స్కీ అను రష్యను ప్రముఖుని పేర దానికి పెరోవ్‌స్కైటు అని పేరిడెను. దాని అణువుల అమరిక గూళ్లు గల గోడవంటిది. 1978లో జర్మనీలో డీటర్ వెబర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు అదే అమరికలో సీసముతోను, అయొడిను మొదలగు మూలకములతోను గోడ కట్టి, గూటిలో దీపమువలె మిథైలమ్మోనియము అను సేంద్రియ కణమును నిలిపెను. సేంద్రియ, నిరింద్రియములు రెండును కలసినందున దీనిని సంకర అర్ధవాహకము అందురు.

దీనిని ద్రావణముగా చేసి, పలకపై పూతపూసి, నూరు డిగ్రీల వేడిమిలో ఆరబెట్టినను చాలును. మిల్లీమీటరులో వేయవవంతుకంటె పలుచని పొర వెలుగును చక్కగా పీల్చుకొనును. విద్యుత్తును ప్రవహింపజేసినచో తానే వెలుగునిచ్చును. బ్రోమిను చేర్చిన ఆకుపచ్చని కాంతి వచ్చును. అయొడిను హెచ్చినకొలది అది ఎరుపువైపు మరలును.

2009లో జపానులో త్సుతోము మియసాకా, ఆయన సహచరులు దీనితో సౌరఘటమును నిర్మించిరి. నూటికి 3.8 పాళ్ల కాంతిశక్తి మాత్రమే విద్యుత్తుగా మారెను. పైగా ఘటములోని ద్రవములో ఆ పొర త్వరలోనే కరగి చెడిపోయెను. ఇతరులైన నిరాశ చెందెడివారే. కాని శాస్త్రజ్ఞులు లోపమునకు కారణమును వెదకిరి. 2012లో ద్రవమునకు బదులు ఘనపదార్థమును వాడగా ఫలితము 9 పాళ్లు దాటెను. నేడు ప్రయోగశాలలలో అది 25 పాళ్లకు మించినది.

అయినను కార్యము ముగియలేదు. తేమయు, వేడిమియు ఈ పదార్థమునకు శత్రువులు. అందలి సీసము విషము. పలక పగిలి వాననీటిలో కలసినచో నేలకును, ప్రాణులకును కీడు. సీసమునకు బదులు తగరమును వాడి చూచుచున్నారు; కాని అది గాలి సోకినంతనే చెడుచున్నది. తేమ చొరకుండ, సీసము వెలికి రాకుండ, పలకలకు గట్టి కవచములను కల్పించుచున్నారు.

గూటిలో దీపము వెలిగినది. అది గాలివానకు ఆరిపోకుండ, ఇంటివారికి హాని చేయకుండ కాపాడు ఉపాయము ఇంకను సంపూర్ణముగా దొరకలేదు. విద్యార్థులారా! ఆ పని మీ తరమువారికై వేచియున్నది.