జిప్సీని ఇంటి దగ్గరే బాగుచేసుకోవడం



మారుతి జిప్సీ 1985 చివర్లో మన రోడ్ల మీదికి వచ్చింది. జపాన్‌లో సుజుకి తయారుచేసిన జిమ్నీకి అది ఇక్కడి రూపం. మొదట 970 సీసీ ఇంజన్‌తో వచ్చిన బండికి 1990ల మధ్యలో 1298 సీసీ ఇంజన్ పెట్టారు. 2010ల చివర్లో తయారీ ఆగిపోయింది. సైన్యం, పోలీసు శాఖ ఏళ్ల తరబడి వాడి వేలంలో అమ్మేసిన బళ్లు ఇప్పుడు చాలామంది కుర్రాళ్ల చేతుల్లో తిరుగుతున్నాయి. బరువు టన్ను అటూ ఇటూ. గట్టి ఇనుప ఛాసిస్, ముందూ వెనకా ఒకే ముక్కగా ఉండే యాక్సిళ్లు, వాటి మీద కమాన్ కట్టలు, కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే లీవరు, ఇదీ నిర్మాణం. పెట్రోలును ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిమ్మే ఎంపీఎఫ్ఐ ఇంజన్‌లోని కంట్రోల్ యూనిట్‌ను పక్కన పెడితే మిగతా బండంతా పానాలతో విప్పి పానాలతోనే బిగించుకోగలిగినది. అందుకే ఇంటి దగ్గర పని నేర్చుకోవడానికి ఇంతకన్నా అనువైన బండి దొరకడం కష్టం.

పాత జిప్సీ చేతికి రాగానే పెద్ద టైర్లు, ఎత్తు పెంచే కిట్టు, ముందు వించి బిగించేయాలన్న ఆత్రం సహజం. కానీ బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాటి ఆరోగ్యానికి చేరుకున్నాకే ఆ ఖర్చుకు అర్థం ఉంటుంది. బేరింగులు అరిగిన యాక్సిల్‌కు బరువైన చక్రం తగిలిస్తే ఉన్న లోపం ఇంకా ముదురుతుంది. మొదటి ఏడాది డబ్బంతా సీళ్లు, బుష్‌లు, బేరింగులు, బ్రేకు గొట్టాలు, ఆయిళ్ల మీద పెట్టడమే సరైన పద్ధతి. ఆ మార్పు ఫొటోల్లో కనపడదు. ఘాట్‌రోడ్డు దిగేటప్పుడు మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

పని మొదలుపెట్టే ముందు చోటు చూసుకోవాలి. జాకీ బండిని లేపడానికి మాత్రమే పనికొస్తుంది, నిలిపి ఉంచడానికి కాదు. జాకీ మీద ఉన్న బండి కిందికి ఎవరూ దూరకూడదు. ఛాసిస్ కింద గానీ యాక్సిల్ కింద గానీ రెండు స్టాండ్లు పెట్టి, బండిని గట్టిగా ఊపి చూసి, ఆ తర్వాతే పడుకోవాలి. సిమెంటు ఇటుకలు, ముఖ్యంగా బోలు ఇటుకలు, బరువుకు ఒక్కసారిగా పగిలిపోతాయి. వాటిని స్టాండ్లుగా వాడి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. మట్టి నేలైతే స్టాండు కాళ్ల కింద మందపాటి చెక్క వేయాలి. నేల మీదున్న చక్రాలకు రెండు వైపులా రాళ్లో చెక్కలో అడ్డం పెట్టాలి. పనిముట్ల కోసం మరీ ఎక్కువ ఖర్చు అక్కర్లేదు. 8 నుంచి 24 వరకు రింగు పానాలు, ఒక సాకెట్ సెట్టు, గ్రీజు గన్, మల్టీమీటరు, నమ్మకమైన టార్క్ రెంచ్ ఉంటే మూడొంతుల పని జరిగిపోతుంది. టార్క్ రెంచ్ దగ్గర పిసినారితనం పనికిరాదు. చేతి అంచనాతో బిగించిన బోల్టుల్లో సగం వదులుగా ఉంటాయి, మిగతా సగం మరలు తెగిపోయే దాకా బిగుసుకుపోతాయి. చక్రం విప్పి బిగించినప్పుడల్లా యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లను మరోసారి చూడాలి.

ఆయిళ్లలో ఇంజన్ ఆయిల్ సంగతి అందరికీ తెలుసు. మరిచిపోయేది గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియల్స్. ఈ నాలుగు చోట్లా కింద ఆయిల్ తీసే బోల్టు, పక్కన ఆయిల్ పోసే బోల్టు ఉంటాయి. పోసే బోల్టు విప్పాకే తీసే బోల్టు మీద చెయ్యి వేయాలి. ఆయిల్ అంతా వదిలేశాక పోసే బోల్టు తుప్పుపట్టి కదలకపోతే బండి కదిలే దారి ఉండదు. గేర్‌బాక్సుకు, డిఫరెన్షియల్‌కు ఒకే డబ్బా వాడే అలవాటు చాలా షెడ్లలో ఉంది. డిఫరెన్షియల్ పళ్ల ఒత్తిడి కోసం తయారైన జీఎల్-5 ఆయిల్లో కొన్ని రకాలు గేర్‌బాక్సులోని ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి. మాన్యువల్లో ఏ గ్రేడు రాసి ఉంటే ఆ గ్రేడే పోయాలి.

వాగులు దాటే బండికి ఇక్కడ ఇంకొక ప్రమాదం పొంచి ఉంటుంది. మారేడుమిల్లి ఘాటులోనో పాడేరు దారుల్లోనో ముప్పై నలభై కిలోమీటర్లు నడిచిన బండి యాక్సిళ్లు వేడెక్కి, లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది. ఆ వేడి ఇనుము చన్నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుపోయి బయటి నుంచి దేన్నైనా లాక్కోవాలని చూస్తుంది. యాక్సిల్ పైన చిన్న మూతలా ఉండే బ్రీదరు శుభ్రంగా ఉండి, నీటి మట్టానికి పైన ఉంటే అక్కణ్నుంచి గాలి పీల్చుకుంటుంది. బ్రీదరు మట్టితో పూడిపోయి ఉంటే సీళ్ల అంచుల గుండా నీళ్లు లోపలికి వెళ్తాయి. పైకి ఏమీ తెలియదు. వారం తర్వాత ఆయిల్ తీసి చూస్తే పాలు కలిపిన టీ రంగులో ఉంటుంది. అప్పటికే బేరింగుల మీద తుప్పు మొదలై ఉంటుంది. కొన్ని మీటర్ల పెట్రోలు గొట్టం, నాలుగు క్లిప్పులు తెచ్చి, బ్రీదర్లన్నిటినీ ఇంజన్ గది పైభాగం దాకా పొడిగించి కడితే ఈ బాధ చాలావరకు తీరుతుంది. జిప్సీకి చేసుకోగల మార్పుల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసేది మరొకటి లేదు. అయినా లోతు నీళ్లలో దిగి వచ్చిన ప్రతిసారీ తీసే బోల్టును కాస్త వదులు చేసి నాలుగు చుక్కలు చూడాలి. నీళ్లు బరువు గనుక ముందు బయటికి వచ్చేవి అవే.

ఇంజన్ నీళ్లు పీల్చి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకూడదు. నీరు నొక్కుకుపోదు గనుక సిలిండర్లో ఉన్నది పిస్టన్‌ను అడ్డుకుని కనెక్టింగ్ రాడ్డును వంచేస్తుంది. బండిని ఒడ్డుకు లాగి, స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి, ఇంజన్ తిప్పి నీళ్లు బయటికి కొట్టించాలి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా, గొట్టం ఆరబెట్టాకే తర్వాతి సంగతి.

జిప్సీ యజమానుల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది స్టీరింగ్ వణుకు. అరవై దాటిన వేగంలో ఒక చిన్న గుంట తగలగానే స్టీరింగ్ చేతుల్లో ఊగిపోతుంది, బ్రేకు వేసి వేగం తగ్గిస్తే గానీ ఆగదు. చాలాచోట్ల దీనికి స్టీరింగ్ డ్యాంపర్ బిగించి పంపేస్తారు. వణుకు అణుగుతుంది, కారణం మాత్రం లోపలే ఉండి ముదురుతుంది. అసలు కారణం వెతకడానికి ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, ఒక చెయ్యి టైరు పైన, ఒక చెయ్యి కింద వేసి ముందుకూ వెనక్కూ ఊపాలి. టక్కుటక్కుమని ఆట ఉంటే లోపల కూర్చున్న మనిషి బ్రేకు తొక్కి పట్టుకోవాలి. ఆట పోతే అరిగింది చక్రం బేరింగు. బ్రేకు తొక్కినా ఆట అలాగే ఉంటే కింగ్‌పిన్ బేరింగుల వైపు చూడాలి. బ్రేకు పట్టినప్పుడు డిస్కు, కాలిపర్, చక్రాన్ని మోసే నకిల్ ఒకటైపోతాయి గనుక చక్రం బేరింగు ఆట కనిపించదు, నకిల్‌కు యాక్సిల్‌కు మధ్య ఉన్నది మాత్రమే మిగులుతుంది. తర్వాత చేతులు టైరుకు ఎడమా కుడీ వేసి ఊపితే టై రాడ్డు కొసల అరుగుదల తెలుస్తుంది.

కింగ్‌పిన్ బేరింగులు మార్చడం ఇంట్లో చేయగలిగిన పనే, కానీ తొందర పనికిరాదు. బేరింగుల మీద ఉండాల్సిన బిగువును సన్నని షిమ్ములతో సరిచేస్తారు. పెద్ద సీలు తీసి పక్కన పెట్టి, నకిల్ చేతికి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగి, అది కదలడం మొదలుపెట్టిన బరువును మాన్యువల్లోని అంకెతో పోల్చాలి. షిమ్ము తీస్తే బిగువు పెరుగుతుంది, వేస్తే తగ్గుతుంది. విప్పినప్పుడు ఏ వైపు షిమ్ములు ఆ వైపే విడివిడి కవర్లలో పెట్టి పేరు రాసుకోవాలి. అదే సమయంలో లోపలి గ్రీజును వేళ్లతో తీసి చూడాలి. అది చిక్కగా కాక ఆయిల్లా కారుతుంటే డిఫరెన్షియల్ ఆయిల్ లోపలి సీలు దాటి నకిల్‌లోకి వస్తున్నట్టు. చక్రం లోపలి గోడ మీద నల్లటి తడి చారలు కనిపించేది ఇందుకే. బేరింగుకు పెట్టిన డబ్బు దక్కాలంటే ఆ చిన్న సీలు కూడా అప్పుడే మార్చేయాలి.

నాలుగు చక్రాల డ్రైవ్‌ను పొడి తారు రోడ్డు మీద వేయకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి. మధ్యలో ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ ఈ బండికి లేదు గనుక ఆ మెలికంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడుతుంది. అలాగని నెలల తరబడి వాడకుండా వదిలేసినా నష్టమే. నెలకోసారి మట్టి దారిలో కాసేపు వేసి నడిపితే ముందు యాక్సిల్లో ఆయిల్ అంతటా పాకుతుంది, లీవరు బిగుసుకోదు. ప్రొపెల్లర్ షాఫ్టుల జాయింట్లకు గ్రీజు కొట్టేటప్పుడు పాత గ్రీజు బయటికి పొంగే దాకా కొట్టాలి.

ఎండాకాలంలో ఇంజన్ వేడెక్కితే థర్మోస్టాట్ పీకి పారేయడం మన షెడ్లలో పాత అలవాటు. ఆ వాల్వు లేకపోతే ఇంజన్ తగిన వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపలి అరుగుదల పెరుగుతుంది. వేడెక్కడానికి కారణం సాధారణంగా రేడియేటర్ గొట్టాల్లో పేరుకున్న ఉప్పు. బోరు నీళ్లు పోస్తూ వచ్చిన బండిలో అది తప్పదు. రేడియేటర్ విప్పించి శుభ్రం చేయించి, కొత్త థర్మోస్టాట్ వేసి, డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కూలంట్ కలిపి పోయాలి. వేడితో చిక్కు తెచ్చే మరో ద్రవం బ్రేకు ఆయిల్, అది గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ ప్రమాణం 140కి దిగిపోతుంది. అనంతగిరి నుంచి కిందికి దిగుతూ బ్రేకు మీదే కాలుంచితే ఆ వేడి వచ్చేస్తుంది. రెండేళ్లకోసారి మార్చడం ప్రాణరక్షణకు సంబంధించిన ఖర్చు.

తుప్పు ఈ బండికి పుట్టుకతోనే శత్రువు. విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీరాల్లో మరీ ఎక్కువ. కాళ్ల కింద మ్యాటు ఎత్తి, ఛాసిస్ లోపలి మూలల్ని, కమాన్ కట్టలు తగిలే చోట్లను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. పెళపెళలాడితే కోసి కొత్త రేకు అతికించాల్సిందే. తుప్పు మీదే నల్ల అండర్‌కోటింగ్ కొట్టించడం మహా పొరపాటు. తేమ దాని కింద చిక్కుకుని ఇనుమును నిదానంగా తినేస్తుంది. వైరు బ్రష్షుతో మెరిసే దాకా గీకి, ప్రైమర్ వేసి, ఎనామిల్ పెయింట్ వేస్తే మచ్చ కనపడగానే తెలుస్తుంది, మళ్లీ గీకవచ్చు. పాత ఇంజన్ ఆయిల్ పూసే అలవాటు రబ్బరు బుష్‌లను పాడుచేస్తుంది.

ఇవన్నీ కుదుటపడ్డాక మార్పుల సంగతి. మొదటిది టైర్లే. 1298 సీసీ జిప్సీకి వచ్చే 205/70 ఆర్ 15 టైరు ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు. చాలామంది కోరుకునే 235/75 ఆర్ 15 ఎత్తు సుమారు 734. అంటే యాక్సిల్ కింద ఖాళీ పెరిగేది అందులో సగం, 33 మిల్లీమీటర్లు. దానికి చెల్లించే మూల్యం కూడా లెక్కించాలి. ప్రతి గేరూ దాదాపు పది శాతం బరువెక్కుతుంది, మీటరు 60 చూపిస్తే బండి 66లో ఉంటుంది, బ్రేకు దూరం పెరుగుతుంది. చిన్న ఇంజన్‌కు ఇది చిన్న భారం కాదు. సైజు మార్చకుండా మంచి గాడులున్న ఆల్ టెర్రైన్ టైర్లు వేసి, ఇసుకలో గాలిని 15 పీఎస్ఐ దాకా తగ్గించడం నేర్చుకుంటే గోదావరి ఇసుకలో కూడా తేడా తెలుస్తుంది. తిరిగి తారు రోడ్డు ఎక్కే ముందు నింపుకోవడానికి 12 వోల్టుల పంపు తప్పనిసరి. నల్లరేగడి తడిస్తే మాత్రం ఏ టైరూ చెప్పినట్టు వినదు. గాడులు నిండిపోయి నున్నగా అవుతాయి. ఆ రోజు ఆ దారి మానుకోవడమే మంచిది.

ఎత్తు పెంచేవాళ్లు కమాన్ కట్టను ఛాసిస్‌కు తగిలించే షాకిళ్లను పొడవాటివి వేయడం చౌక మార్గంగా ఎంచుకుంటారు. షాకిల్ ఎంత పొడవు పెరిగితే బండి అందులో సగమే లేస్తుంది. ముందు యాక్సిల్ తిరిగిపోయి కింగ్‌పిన్ వెనక్కి వాలే కోణం, అంటే క్యాస్టర్, తగ్గుతుంది, స్టీరింగ్ తనంతట తాను సూటిగా రావడం మానేస్తుంది. కొత్త కమాన్ కట్టలు వేసుకోవడం ఖరీదైనా మేలు. బ్రేకు గొట్టాలు అందుతున్నాయో లేదో చక్రం పూర్తిగా వేలాడదీసి చూడాలి.

వించి కన్నా ముందు కావలసింది ఛాసిస్‌కు నేరుగా బోల్టు చేసిన లాగుడు కొక్కేలు, ముందొకటి, వెనకొకటి. ట్రైలరు తగిలించే బంతికి తాడు కట్టి లాగకూడదు. అది విరిగి ఎగిరితే తూటా వేగంతో వస్తుంది. తాడు బిగువెక్కక ముందే దాని మధ్యలో తడి గోనెసంచి వేయాలి, మనుషులు తాడు పొడవుకు మించిన దూరంలో నిలబడాలి.

చట్టం సంగతి చివరికి పెట్టుకోకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని బలపరిచింది. అదనపు ఇనుప బంపర్ల మీద చర్య తీసుకోవాలని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఇంజన్ మార్పు, రంగు మార్పు లాంటివి ఆర్టీవో అనుమతితో ఆర్‌సీలోకి ఎక్కాలి. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్‌సీ మళ్లీ పొడిగించాలి, ఆ పొడిగింపు ఒక్కోసారి ఐదేళ్లకే ఇస్తారు. వేలంలో వచ్చిన బండి కొనేటప్పుడు ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కాగితాలతో సరిపోల్చుకున్నాకే డబ్బు చేతులు మారాలి. పాత పార్టులు విజయవాడ ఆటోనగర్‌లోనూ ఢిల్లీ కశ్మీరీ గేట్ మార్కెట్‌లోనూ వెతుక్కోవచ్చు. బ్రేకు, స్టీరింగ్ సామాన్లు మాత్రం కొత్తవే, బిల్లుతోనే తీసుకోవాలి.