తెల్లకాగితం మీద సంతకం, బండి కింద పెద్ద స్టెప్నీ

ఈ మధ్య నా దగ్గరికి వస్తున్న పికప్ బండ్ల ఫైళ్లలో ఒకే ఉత్తరం మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. "కంపెనీ ఇచ్చిన సైజు కాకుండా పెద్ద స్టెప్నీ బిగించారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉల్లంఘించారు. కాబట్టి మీ క్లెయిము తిరస్కరిస్తున్నాం." బీమా కంపెనీలు వేరు, ఓనర్లు వేరు. ఒకరు పాల క్యాన్లు తోలుతారు, ఒకరు కోళ్ల దాణా, ఇంకొకరు మామిడికాయ. వీళ్లంతా చేసిన పని మాత్రం ఒక్కటే. బీమా కంపెనీ ఇన్వెస్టిగేటరు ముందు పెట్టిన కాగితం చదవకుండా సంతకం పెట్టారు. కొందరి విషయంలో చదవడానికి అక్కడ ఏమీ లేదు, అది తెల్లకాగితం.

పెద్ద స్టెప్నీ ఎందుకు వేయిస్తున్నారో నాకు తెలుసు. గతుకుల రోడ్డు మీద బండి కాస్త ఎత్తుగా ఉండాలని నాలుగు టైర్లూ ఒక సైజు పెంచుతారు. అప్పుడు పాత స్టెప్నీ పనికిరాదు. వెనక ఒక పక్క పెద్ద టైరు, ఇంకో పక్క చిన్న టైరు వేసుకుని దూరం నడిపితే డిఫరెన్షియల్ దెబ్బతింటుంది. అందుకని స్టెప్నీ కూడా పెద్దదే కొంటారు. ఇంతవరకు మెకానిక్ చెప్పింది సబబే. చిక్కంతా దాన్ని బండి కింద వేలాడదీసే దగ్గర మొదలవుతుంది. 215/75 ఆర్15 టైరు ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు, 235/75 ఆర్15 అయితే సుమారు 733. వెడల్పులోనూ 20 మిల్లీమీటర్లు ఎక్కువ. మొదటి సైజుకని కంపెనీ వదిలిన ఖాళీలో రెండోది సరిగ్గా కూర్చోదు. ఒక అంచు ఛాసీ అడ్డపట్టీకి తగులుకుంటుంది, లేదంటే సైలెన్సరు మీదికి వస్తుంది. గొలుసు ఎంత బిగించినా టైరు వాలుగానే ఉంటుంది, ప్రతి గతుక్కీ కొంచెం కొంచెం వదులవుతుంది. అప్పుడు ఓనరు వెల్డింగ్ షాపుకి వెళ్తాడు.

నూజివీడు వైపు నుంచి వచ్చిన క్లయింటు చేసింది ఇదే. సొంత బండి, తనే డ్రైవరు. సీజన్లో మామిడికాయ బాటసింగారం మార్కెట్టుకి తోలుతాడు. వెల్డరు పాత క్లాంపు కోసేసి, ఒక ఇనుప పట్టీ అతికించి, అదనంగా ఒక గొలుసు చుట్టాడు. చిట్యాల దాటాక తెల్లవారుజామున అతుకు ఊడింది. టైరు ఒక పక్కకి జారి రోడ్డు మీద ఈడ్చుకుంటూ వచ్చింది. చప్పుడుకి బ్రేకు వేస్తే బండి డివైడరుని గుద్దింది. తెగిపోయిన టైరు వెనక వస్తున్న మోటారుసైకిలుకి అడ్డం పడింది. ఆ కుర్రాడికి తొడ ఎముక విరిగింది.

లైసెన్సు ఉంది, ఎఫ్.సి. ఉంది, పాలసీ నడుస్తోంది. ఇన్ని కాగితాలు సవ్యంగా ఉన్న మనిషి, షెడ్డులో బండి పక్కన నిలబడి, ఇన్వెస్టిగేటరు చాచిన రెండు తెల్లకాగితాల కింద తెలుగులో సంతకం చేశాడు. "క్లెయిము తొందరగా పాసవ్వాలంటే ఇది ఉండాలి" అన్నారట. ఆ స్టేట్‌మెంటు కాపీ నేను తెప్పించాను. ఇంగ్లీషులో ఉంది. పై సగంలో అక్షరాలు విడివిడిగా, వరసలు దూరదూరంగా ఉన్నాయి. సంతకం దగ్గరపడే కొద్దీ వరసలు ఇరుక్కుపోయాయి. ఆఖరి వాక్యం చోటు చాలక మార్జిన్‌లోకి ఎక్కింది. సంతకం ముందు, రాత తరవాత అని ఆ కాగితమే చెబుతోంది. ఇరుక్కున్న ఆ వరసల్లో ఉన్నది ఇది: ఛాసీకి అనుమతి లేని మార్పు నేనే చేయించాను, అది ప్రమాదమని నాకు తెలుసు, ప్రమాదానికి అదే కారణం.

ఈ మూడు ముక్కలూ ఎంత చేటు చేస్తాయో చూడండి. బండిలో లోపం ఉందని తెలిసి రోడ్డు మీదికి తేవడం, తగిన జాగ్రత్తతో తెలుసుకోగలిగీ తేవడం 190వ సెక్షన్ కింద నేరం. దానివల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అనుమతి లేని మార్పుకి 182ఎ(4) కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా రెండూ. ఇక బండిని మంచి స్థితిలో ఉంచుకునే బాధ్యత మీదేనని పాలసీలోనే షరతు ఉంటుంది. ఆ షరతు తప్పారని కంపెనీ వేరే సాక్ష్యం తెచ్చుకోనక్కర్లేకుండా మీరే రాసిచ్చినట్టయింది.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. పోలీసు అధికారి దగ్గర నేరం ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలు మీ మీద సాక్ష్యంగా చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ ఆ రక్షణ ఇచ్చింది. ఇన్వెస్టిగేటరు పోలీసు కాదు, అతని దగ్గర ఆ రక్షణ లేదు. ఖాకీ చొక్కాని చూసి భయపడే మనిషి, మామూలు చొక్కా వేసుకుని మర్యాదగా టీ తాగించిన వాడి ముందు అన్నీ రాసిచ్చేస్తున్నాడు. తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి. మీకు రాని భాషలో రాసిన కాగితం మీదా పెట్టకండి.

ఇప్పుడు అసలు చట్టం సంగతి. 52వ సెక్షన్ ప్రకారం, ఆర్.సి.లోని వివరాలు తయారీ కంపెనీ చెప్పిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వెళ్లిన జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు 2019లో ఇదే గట్టిగా చెప్పింది. తిరస్కరణ ఉత్తరాల్లో ఆ తీర్పుని తప్పకుండా ఉదహరిస్తారు. వాళ్లు చదవని సెక్షన్ ఇంకొకటి ఉంది, 58. రవాణా వాహనాల ఆర్.సి.లో చక్రాలకు తగిలించిన టైర్ల సంఖ్య, రకం, సైజు రాయాలంటుంది అది. బండి కింద పడుకుని ఉన్న స్టెప్నీ ఏ చక్రానికీ తగిలించింది కాదు. కాబట్టి పెద్ద స్టెప్నీ మోసినంత మాత్రాన ఆర్.సి.తో తేడా వచ్చిందనడం కుదరదని నా వాదన. అయితే నడిచే నాలుగు టైర్లూ పెంచి ఆర్.సి.లో పాత సైజే ఉంచినా, స్టెప్నీ కోసం ఛాసీని కోసి వెల్డింగ్ పెట్టించినా ఈ వాదన నిలవదు. దాన్ని నేను ఏ క్లయింటుకీ దాచను.

మార్పు జరిగిందనుకున్నా, ప్రమాదానికీ దానికీ సంబంధం ఉందా అన్నది వేరే ప్రశ్న. నా దగ్గరే ఉన్న ఇంకో ఫైలులో బండి టోల్‌గేటు దగ్గర ఆగి ఉంది. వెనక నుంచి లారీ వచ్చి గుద్దింది. అక్కడ స్టెప్నీ చిన్నదైతేనేం, పెద్దదైతేనేం? అయినా తిరస్కరించారు, ఎందుకంటే ఆ ఓనరు కూడా "ప్రమాదానికి అదే కారణం" అన్న కాగితం మీద సంతకం పెట్టాడు. లేని సంబంధాన్ని ఆ సంతకమే పుట్టించింది. షరతు ఉల్లంఘన జరిగినా అది మౌలికమైనది కాకపోతే క్లెయిము మొత్తం ఎగ్గొట్టకుండా 75 శాతం దాకా ఇవ్వవచ్చని అమలేందు సాహూ కేసులో 2010లో సుప్రీంకోర్టు దారి చూపింది. నూజివీడు ఫైలులో నేను పట్టుకున్న దారి అదే. సంతకం లేకపోతే ఇంకా బలంగా పట్టుకునేవాణ్ని.

తొడ ఎముక విరిగిన కుర్రాడి పరిహారం మాట. థర్డ్ పార్టీకి డబ్బు ఎగ్గొట్టడానికి కంపెనీ చెప్పదగిన కారణాలు 150వ సెక్షన్‌లో లెక్కపెట్టి రాశారు: లైసెన్సు లేకపోవడం, తాగి నడపడం, పర్మిట్‌కి విరుద్ధంగా వాడడం వంటివి. స్టెప్నీ సైజు, వెల్డింగు పట్టీ ఆ వరసలో లేవు. పాలసీ తీసుకునేటప్పుడు ముఖ్య విషయం దాచారని కంపెనీ వాదించవచ్చు. నా క్లయింటు పాలసీ తీసుకున్న తరవాతే స్టెప్నీ మార్పించాడు, బిల్లు మీద తేదీ ఉంది. అందుకే వెల్డరు దగ్గరైనా సరే బిల్లు అడగమంటాను. ముందు కట్టి తరవాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ ఆదేశిస్తే ఓనరు పొలం మీదికి వస్తుంది. ఓనర్లు ఈ సంగతి బొత్తిగా పట్టించుకోవడం లేదు.

అధికారుల తీరూ చెప్పాలి. ఇదే బండికి వెల్డింగు పెట్టించాక ఎఫ్.సి. ఇచ్చారు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఒక్కసారి వంగి చూసి ఉంటే ఆ ఇనుప పట్టీ కంటికి కనపడేది. ఎఫ్.సి. అంటే బండి రోడ్డు మీదికి పనికొస్తుందని ప్రభుత్వం ఇచ్చే మాట. చూడకుండా ఇస్తే దాన్ని నమ్మి నడిపినవాడూ మునుగుతాడు, వెనక మోటారుసైకిలు మీద వచ్చేవాడూ మునుగుతాడు. టైరు సైజు ఆర్.సి.లో ఎక్కించమని అడగడానికి ఆఫీసుకి వెళ్తే ఏజెంటుని కలవమనే జవాబు ఇంకెన్నాళ్లు?

పెద్ద టైర్లే కావాలనుకుంటే, మీ మోడల్‌లోనే ఇంకో వేరియంటుకి కంపెనీ ఆ సైజు ఇస్తోందా అని అధీకృత సర్వీస్ సెంటరులో కనుక్కుని రాతపూర్వకంగా తీసుకోండి. ఆర్.సి.లో మార్పుకి దరఖాస్తు పెట్టి రసీదు దాచండి. బీమా కంపెనీకి ఈమెయిల్ పంపండి. క్యారియరులో స్టెప్నీ పట్టకపోతే ఛాసీ జోలికి పోకండి. ట్రాలీలో బోల్టు వేసి బిగించుకోండి, కాస్త సరుకు తగ్గినా ఫర్వాలేదు.

ప్రమాదం జరిగాక బండి కదపకముందే ఫోటోలు తీయండి. స్టేట్‌మెంటు అడిగితే మీ చేత్తో, మీ భాషలో, జరిగింది జరిగినట్టు రాయండి. కారణం ఏమిటో తేల్చడం మీ పని కాదు, అది రాయొద్దు. కింద ఖాళీ ఉంటే గీత కొట్టి, తేదీ వేసి, ఫోటో తీసుకున్నాకే ఇవ్వండి. ఇప్పటికే తెల్లకాగితం మీద సంతకం పెట్టేసి ఉంటే ఈ రోజే కంపెనీకి ఈమెయిల్ పెట్టండి: ఖాళీ కాగితం మీద సంతకం తీసుకున్నారు, అందులో రాసింది నా మాట కాదు అని. నా క్లయింటు ఆ పని తిరస్కరణ ఉత్తరం చేతికి వచ్చాక చేశాడు. ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావని అవతలి వకీలు అడుగుతున్నాడు.

తిరస్కరణ ఉత్తరం కవరుతో సహా దాచండి. అందులో లేని కొత్త కారణాన్ని కంపెనీ తరవాత వినియోగదారుల కమిషన్ ముందు ఎత్తుకోవడానికి వీల్లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ల గడువు. మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. ఫీజు లెక్క మీరు కట్టిన ప్రీమియం మీదే, 5 లక్షల దాకా ఫీజు లేదు. బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికైతే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. వాళ్లు కాదన్నా, నెల రోజుల్లో జవాబివ్వకపోయినా ఏడాది లోపు వెళ్లాలి. తెలుగు రాష్ట్రాలవాళ్లకు ఆ ఆఫీసు హైదరాబాదులో ఉంది. అక్కడ వకీలు అక్కర్లేదు.