అచ్చుల మైత్రి - పాఠరక్షణ

ఒకే అచ్చు మరల మరల వినబడుట చెవికి ఇంపు. అయినను సంస్కృతాలంకారికులు దానిని వేరొక అలంకారముగా గణింపలేదు. అచ్చులు భిన్నమైనను హల్లులు ఆవృత్తమగుటయే అనుప్రాసమనిరి. తెలుగు ఛందస్సు మాత్రము అచ్చుల పొందికను యతినియమమున చేర్చి పద్యమునకు కట్టుబాటు గావించెను.

యతిస్థానమున హల్లులకు మైత్రి యున్న చాలదు, అచ్చులకును ఉండవలెను. అ, ఆ, ఐ, ఔ ఒక కూటమి. ఇ, ఈ, ఎ, ఏ, ఋ మరియొకటి. ఉ, ఊ, ఒ, ఓ మూడవది. కావున 'కరుణ'కు 'కాయము' జతయగును, 'కోరిక' కాదు. 'కులము'నకు 'కోరిక' జత. పదాదినున్న అచ్చులకును ఇంతే: 'అంగము'నకు 'ఐక్యము', 'ఉపదేశము'నకు 'ఓర్పు' కుదురును. సంధిలో మరుగుపడిన అచ్చునకును యతి చెల్లును. 'లింగైక్యము'లోని ఐకారము 'అంగము'తో కూడును. ప్రాస దీనికి విపరీతము. అందు రెండవ అక్షరపు హల్లు నిలువవలెను, అచ్చు మారవచ్చును.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును, పండితారాధ్యచరిత్రమును ద్విపదలో రచించెను. పండితారాధ్యచరిత్రమందలి పర్వతప్రకరణము శ్రీశైలయాత్రను వర్ణించును. ద్విపదపాదమున మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము ఉండును. మూడవ గణపు మొదటి అక్షరము పాదాద్యక్షరముతో యతి కూడవలెను.

ఈ నియమము పాఠమునకు కావలి. పాదము 'ఇష్టలింగము' అని మొదలై, యతిస్థానమున 'ఏకచిత్తము' ఉన్నదనుకొందము. పాడువాడు సులభముగా నుండునని దానిని 'ఒక్క మనసు'గా మార్చిన అర్థము చెడదు. కాని ఇకారమునకు ఒకారము జత కాదు. మార్పు జరిగినదని చెవియే తెలుపును.

1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ వేమన పద్యముల వ్రాతప్రతులను సేకరించి, పండితుల సాయమున సరిచూచి, 1829లో ఆంగ్లానువాదముతో ప్రకటించెను. ప్రతికొక పాఠమున్న ఇట్టి పద్యములను పరిష్కరించువారికి యతి ఒక సాక్షి. ఆటవెలదిలో యతికి మారుగా ప్రాసయతియు చెల్లునని మాత్రము మరువరాదు.

యతి తప్పినచోటెల్ల లేఖకదోషమని తలపరాదు. సోమనాథుడు దేశిరచనలో యతిప్రాసలందు కొంత స్వేచ్ఛ వహించినాడు. ఒక ప్రతిలో యతి కుదిరి, వేరొకదానిలో తప్పినప్పుడు రెంటిని నిలిపి విచారింపవలెను, తొందరపడి దిద్దరాదు.

ఇండ్లలోను మఠములలోను బాలురకు పురాణము నేర్పునపుడు పాదాద్యక్షరమును, యతిస్థానమును ఎత్తి పలికింపవలెను. ఆ రెండు అచ్చులు చెవిలో నాటిన, తరువాత మాట తారుమారైనను బాలుడే దిద్దుకొనగలడు.