గీత మీద పడ్డ బంతి ఎవరిది?

పికిల్‌బాల్ 1965లో అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో ఒక ఇంటి పెరట్లో పుట్టింది. పేరులో ఊరగాయ ఉంది, కోర్టులో కిచెన్ కూడా ఉంది! నవ్వులాట పక్కన పెట్టి దీని నియమాలు, మర్యాదలు చూద్దాం.

కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టూ అంతే. నెట్ మాత్రం కిందికి ఉంటుంది: చివర్లలో 36 అంగుళాలు, మధ్యలో 34. ప్యాడిల్‌తో, చిల్లులున్న ప్లాస్టిక్ బంతితో ఆడతారు.

సర్వ్ ఎదురు మూలకు వెయ్యాలి. దాన్ని అవతలివాళ్లు ఒకసారి నేల తాకాకే కొట్టాలి. తిరిగొచ్చిన బంతిని సర్వ్ చేసినవాళ్లూ అలాగే కొట్టాలి. ఆ తర్వాతే గాల్లో కొట్టే వాలీలు.

నెట్‌కి రెండు వైపులా 7 అడుగుల చోటే కిచెన్. అందులో నిలబడి గానీ, దాని గీత తొక్కి గానీ వాలీ కొట్టకూడదు. కొట్టిన ఊపులో కాలు లోపల పడ్డా తప్పే. నేల తాకిన బంతికైతే లోపలికి వెళ్లొచ్చు.

గేమ్ సాధారణంగా 11 పాయింట్లు. 2 తేడాతో గెలవాలి. పాత పద్ధతిలో సర్వ్ చేసే జట్టుకే పాయింటు వస్తుంది.

ఇక అసలు సంగతి. టోర్నమెంట్లలో కూడా చాలా మ్యాచ్‌లకు రిఫరీ ఉండరు. మనవైపు పడ్డ బంతి లోపలో బయటో చెప్పాల్సింది మనమే. అంటే పాయింటు కావలసినవాళ్లే తీర్పు చెప్పాలన్నమాట!

తొక్కుడుబిళ్లలో (మా అమ్మ కన్నడంలో కుంటెబిల్లె అంటుంది) గీత తొక్కితే అవుట్. ఇక్కడ బంతి గీత తాకితే లోపలే. కిచెన్ గీత మీద పడ్డ సర్వ్ ఒక్కటే తప్పు. సరిగ్గా కనబడలేదా? అప్పుడూ లోపలే. అనుమానం వస్తే లాభం ఎదుటివాళ్లకే. జోడీలో ఒకరు లోపలని, ఒకరు బయటని అంటే కూడా అంతే. చూసేవాళ్లను అడగకూడదు. కిచెన్ గీత మన కాలు తొక్కితే మనమే చెప్పేయాలి.

ఈ నియమం ఎందుకంత గట్టిగా పెట్టారు? చూడని బంతిని "అవుట్" అంటే ఒక్క పాయింటు వస్తుంది. కానీ తర్వాత మనం నిజంగా చూసి చెప్పినా నమ్మరు. నమ్మకం పోయాక ఆట సాగదు.

మిగతా మర్యాదలు చిన్నవే. స్కోరు గట్టిగా చెప్పాకే సర్వ్ చెయ్యాలి. పక్క కోర్టు బంతి దొర్లుకుంటూ వస్తే "బాల్" అని అరిచి ఆట ఆపాలి, లేకపోతే దానిమీద కాలేసి ఎవరైనా పడతారు. ఆటయ్యాక నెట్ దగ్గర ప్యాడిళ్లు తాకించుకోవాలి.

బ్యాడ్మింటన్ కోర్టులో నెట్‌కి దగ్గరి గీత ఆరున్నర అడుగుల దూరంలో ఉంటుంది. ఇంకో అర అడుగు వెనక సుద్దగీత గీసి, నెట్ దించితే కోర్టు సిద్ధం. మేడమ్‌లూ జట్టు కట్టొచ్చు. అవుట్ చెప్పేటప్పుడు మాత్రం అందరికీ ఒకటే రూలు.