శ్వాసవ్యాధి తగ్గిన పిదప ఈత: ఎప్పుడు, ఎట్లు?

వేసవి సెలవులు రాగానే మా సోమందేపల్లి, పెనుకొండ ప్రాంతములలో పిల్లల మనసు బావుల మీదికి పోవును. "జొరం తగ్గి వారమాయ సామీ, మావోడు ఈతకు పోవచ్చునా?" అని తల్లులు నన్ను అడుగుచుందురు. న్యుమోనియా, బ్రాంకైటిస్, కోవిడ్ వంటి వ్యాధులనుండి కోలుకొనుచున్న వారందరికి నా సమాధానమొకటే. జ్వరము విడిచిన దినము వేరు, బలము చేరిన దినము వేరు.

శాస్త్రము చెప్పినది

జ్వరము విడిచినవాడు బలవంతుడగువరకు వ్యాయామము, స్నానము, అధిక సంచారము మానవలెనని, మానకున్న జ్వరము తిరుగబెట్టునని చరకసంహిత హెచ్చరించుచున్నది. ప్రాణవహ స్రోతస్సులు చెడుటకు ధాతుక్షయము, ఆకలితో చేయు వ్యాయామము కూడ కారణములని ఆ గ్రంథమే చెప్పినది. వ్యాధిచే చిక్కిన పిల్లవాడు తెల్లవారగానే ఏమియు తినక బావికి పోయిన, ఈ రెండు కారణములును ఒక్కచోట చేరును.

న్యుమోనియాలో సాధారణముగా వారములో జ్వరము, నాలుగు వారములకు రొమ్ము నొప్పి, కఫము, ఆరు వారములకు దగ్గు, ఆయాసము తగ్గుముఖము పట్టును. అలసట 3 నెలల వరకు ఉండవచ్చును.

నీటిలో శ్రమ ఏల అధికము?

మెడవరకు నీటిలో ఉన్నప్పుడు నీటి ఒత్తిడి రొమ్మును అదుమును. కాళ్ళలోని రక్తము కొంత రొమ్ములోనికి చేరును. అందుచే గాలి పీల్చుటకు శ్రమ పెరుగును. చన్నీరు హఠాత్తుగా తగిలిన గుక్క తిరుగదు. పట్టణపు ఈత కొలనులలో క్లోరిన్ చెమట, మూత్రములతో కలిసి పుట్టించు ఘాటు శ్వాసనాళములను రేపి దగ్గు తెప్పించును.

అట్లని ఈత శత్రువు కాదు. అమెరికా దేశపు ఏమీ వాన్ డైకెన్ బాల్యమున ఉబ్బసముతో బాధపడి, వైద్యుల సలహాపై ఈత మొదలుపెట్టి, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణపతకములు గెలిచెను. క్రమము తప్పినప్పుడే ప్రమాదము.

అర్ధశక్తి నియమము

వ్యాయామము సగము బలము వరకే చేయవలెనని ఆయుర్వేదము. వాయువు నోటికి వచ్చుట, అనగా నోటితో రొప్పుట, సగము బలము తీరినదనుటకు సుశ్రుతుడు చెప్పిన గుర్తు. నేలపై నుదుటి చెమట చూచియు దీనిని తెలిసికొందుము. నీటిలో చెమట కనబడదు గనుక శ్వాసనే గమనింపవలెను. కొంత ఈది, గట్టు పట్టుకొని, ఒక పూర్తి వాక్యము ఆగక పలుకగలుగవలెను. పలుకలేకున్న ఆనాటికి చాలించవలెను.

బావిలో ఈ నియమము ప్రాణరక్షకము. నాకు తెలిసిన ఒక ఇంటర్ విద్యార్థి న్యుమోనియా తగ్గిన పదవ దినమున బావిలో దూకెను. అవతలి గట్టు చేరెను గాని మెట్లు ఎక్కలేక నడుమ కూలబడెను. స్నేహితులు చేయందించి పైకి తెచ్చిరి. వేసవిలో నీరు క్రిందికి దిగును, ఎక్కవలసిన మెట్లు పెరుగును. మిగిలిన సగము బలము ఆ మెట్ల కొరకే.

క్రమము

1. మందు వాడకయే జ్వరము లేకున్న పిదప, సమతలముపై నడక. క్రమముగా అరగంటకు పెంచవలెను.
2. బావి మెట్లో, మేడ మెట్లో రెండుమార్లు రొప్పక ఎక్కగలిగినప్పుడు, లోతు తక్కువ గల కొలనులో నడుము లోతున 10 నిమిషములు.
3. తల పైకుంచి కొద్ది దూరము ఈత. ఈదిన కాలమునకు రెట్టింపు విశ్రాంతి.
4. మునక, దూకుడు, ఊపిరి బిగబట్టుట అన్నిటికంటె చివర.

ఒక్కొక్క మెట్టుకు కనీసము వారము. మరునాడు దగ్గు, అలసట పెరిగిన ఒక మెట్టు వెనుకకు రావలెను. బావిలో లోతు తక్కువగల చోటుండదు గనుక నాలుగవ మెట్టు దాటువరకు బావి వలదు. కాలువలోని పారు నీరు అసలే వలదు. ఈత వచ్చిన పెద్దవారు తోడుండవలెను.

పథ్యము

మొదట బియ్యపు జావ, పిదప పెసరకట్టు, మెత్తని అన్నము. ఆకలి పెరిగిన పిదప ఉలవచారు కఫమునకు మంచిది. మంట, పులిత్రేపులు గలవారికి పనికిరాదు. జ్వరము లేనప్పుడు సైంధవ లవణము కలిపిన గోరువెచ్చని నువ్వులనూనె రొమ్మునకు రాచి కాపడము పెట్టవచ్చును. ఈదునాడు గంటన్నర ముందు తేలిక ఆహారము, ఈదిన వెంటనే తల తుడిచి పొడిబట్టలు, వేడి శొంఠి కషాయము. పెరుగు, ఐస్‌క్రీము వలదు.

వెంటనే వైద్యుని చూడవలసినవి

రొమ్ము నొప్పి, గుండెదడ, తలతిరుగుడు, పిల్లికూతలు, కఫములో రక్తము కనిపించిన ఈత మాని వైద్యుని కలియవలెను. దగ్గు రెండు వారములు మించిన క్షయ పరీక్ష చేయించుకొనవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో అది ఉచితము. ఉబ్బసమునకు వాడు ఇన్‌హేలరును కషాయములను నమ్మి ఆపరాదు.

ఒక్క వేసవి ఈత మానిన పిల్లవానికి నష్టము లేదు. తల్లిదండ్రులు తేదీలు లెక్కించుట మాని వాని శ్వాసను గమనింతురుగాక.