చింతగింజలతో తొలి పాఠం



మన బోధన్ ప్రాంతంలో చదువు మీద ఆశ ఎంత ఉందో, భయమూ అంతే ఉంది. శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడిన తరువాత, తండ్రి చేసిన కొలువే కొడుక్కూ దొరుకుతుందన్న ధీమా ఎన్నో ఇళ్ళలో పోయింది. ఇక బిడ్డను చదువే కాపాడాలని మీరు అనుకోవడం న్యాయమే. కాని ఆ భయంతో నాలుగేళ్ళ పసివాడి చేత పేజీల కొద్దీ అక్షరాలు రాయించి, రాయకపోతే కొట్టడం న్యాయం కాదు. దానివల్ల వాడికి చదువంటే జంకు పుడుతుంది. అయితే పసిపిల్లల చదువు ఎలా మొదలు కావాలి? ఈ వారం ఆ సంగతి ఆలోచిద్దాం.

గురువును వైద్యునితో పోల్చాడు పునీత తోమస్ అక్వినాస్. రోగిలో కోలుకునే శక్తి ముందే ఉంటుంది, వైద్యుడు దానికి తోడ్పడతాడు. అలాగే తెలుసుకునే శక్తి బిడ్డలోనే ఉంది, గురువు దానికి సాయం చేస్తాడు. చెంబులో నీళ్ళు పోసినట్టు తెలివిని ఎవరూ మరొకరి తలలో పోయలేరు.

ఈ సత్యాన్ని ఆచరణలో చూపిన వైద్యురాలు మరియా మోంటెస్సోరి. 1907 జనవరి 6న రోము నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో, కూలి చేసుకునేవారి పిల్లల కోసం ఆమె ఒక బడి తెరిచారు. అక్కడి ఆటవస్తువుల్లో ఒకటి పది గుంటలున్న కొయ్య దిమ్మె. గుంటకొక గుండ్రని కొయ్యముక్క. ఒకటి తప్పు గుంటలో పెడితే చివరికి ఏదో ఒక ముక్క ఇమడకుండా మిగిలిపోతుంది. ఎవరూ గద్దించకుండానే తప్పు బిడ్డకు తెలుస్తుంది, తానే దిద్దుకుంటుంది. ఆమె 1939లో మద్రాసుకు వచ్చి, యుద్ధం కారణంగా 1946 వరకు మన దేశంలోనే ఉండి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

ఆ కొయ్య దిమ్మె కొనే స్తోమత మనకు లేకపోవచ్చు. కాని అలాంటి ఆట మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది, అవే వామనగుంటలు. వరుసకు ఏడు చొప్పున రెండు వరుసల గుంటలు, గుప్పెడు చింతగింజలు. పీట లేకుంటే వాకిట్లో గుంటలు తీసినా చాలు.

మూడు నిండిన బిడ్డకు గుంటకొక గింజ వేయడమే ఆట. గింజకొక అంకె చెబుతూ వేయించండి. ఆ వయసువారు గింజలు నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు, అందుకని పెద్దవారు పక్కనే కూర్చోవాలి. మూడేళ్ళలోపు వారికి గింజలు ఇవ్వకండి.

అయిదేళ్ళ బిడ్డ చేతిలో ఆరు గింజలు పెట్టి, "ఈ గుంట నుంచి వేసుకుంటూ పోతే ఆఖరి గింజ ఎక్కడ పడుతుంది?" అని అడగండి. అనుకున్న చోట ఒక చిన్న రాయి గుర్తుగా పెట్టనివ్వండి. తరువాత వేసి చూడనివ్వండి. తప్పితే ఆ గింజలే చెబుతాయి.

ఏడేళ్ళ వారికి, గుంటకు నాలుగేసి గింజలుంటే ఒక వరుసలో మొత్తం ఎన్నని అడగండి. ఎక్కం రాకపోయినా నాలుగు నాలుగుగా కూడుకుంటూ ఇరవై ఎనిమిదికి చేరుతారు. ఎక్కం అంటే ఏమిటో అప్పుడు అర్థమవుతుంది.

చెరకు గడతోనూ పాఠం చెప్పవచ్చు. రెండు గడలు ముందుంచి, "దేనికి కణుపులు ఎక్కువ? ఏది పొడుగు?" అని అడగండి. కణుపులు ఎక్కువున్న గడే పొడుగనుకుంటారు పిల్లలు. కణుపులు దగ్గర దగ్గరగా ఉంటే గడ పొట్టిగానూ ఉండవచ్చు. కొలిచి చూశాక బిడ్డ ముఖంలో కనిపించే ఆశ్చర్యమే తెలివికి మొలక.

ఆడించేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి. మరీ సులువైతే బిడ్డకు విసుగు, మరీ కష్టమైతే ఏడుపు. ఒంటరిగా చేయలేనిది, పక్కన ఒకరుంటే చేయగలిగినది ఇవ్వండి. రష్యా మనస్తత్వవేత్త వైగోత్స్కీ 1930లలో ఎత్తిచూపింది ఈ మధ్య మెట్టునే.

రెండు. జవాబు మీరు చెప్పకండి. బిడ్డ తడుముకునే ఆ కొద్దిసేపూ ఓపిక పట్టండి. చెప్పిన తరువాత, "నీకు ఎట్లా తెలిసింది?" అని అడగండి. పక్కింటి పిల్లలతో పోల్చకండి.

మూడు. ఇంటి భాషలోనే ఆడండి. తెలుగు, ఉర్దూ, మరాఠీ, లంబాడీ, ఏదైనా సరే. వీలైనచోట కనీసం అయిదో తరగతి వరకు ఇంటి భాషలో బోధన ఉండాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా చెబుతోంది. లెక్క అర్థమైన బిడ్డ దాన్ని రేపు ఇంగ్లీషులోనూ చెప్పగలడు.

"మాకు చదువు రాదు, మేమేం నేర్పగలం?" అని కొందరు తల్లులు అంటారు. అమ్మా, గింజలు లెక్కపెట్టడం మీకు వచ్చు. వామనగుంటల ఎత్తులు నాయనమ్మకు ఇంకా బాగా వచ్చు. రోజంతా చెరకు కోతకు పోయి వచ్చినా, అన్నం ఉడికేలోపు పావుగంట దొరుకుతుంది. ఫీజు కట్టి పంపే బడి ఆ పావుగంటను ఇవ్వలేదు.

ఈ వారం మూడు సాయంత్రాలు పలకను పక్కన పెట్టి గింజలు తీయండి. బిడ్డ ఎక్కడ ఆగింది, ఏ ప్రశ్నకు కళ్ళు వెలిగాయి, తనంతట తాను ఏం కనుక్కుంది, ఈ మూడూ గమనించండి. నాలుగో సాయంత్రం ఏ ఆట ఇవ్వాలో మీకే తెలుస్తుంది.